లాండ్రీ అద్దంలో తెల్ల జెర్సీ

"నీ రెండు సీట్లూ నాకివ్వు గస్, నా రెండూ నువ్వు తీసుకో. చెల్లుకు చెల్లు," అంది వెర్నా.

గస్ పెట్రాకిస్ తుడుస్తున్న పాత టోస్టర్‌ను పక్కన పెట్టాడు. పాత సామాన్ల వ్యాపారంలో తల నెరిసినవాడు. లాభం తనంత తాను నడిచొచ్చినప్పుడు మొహంలో ఏమీ కనబడనివ్వకూడదని అతనికి తెలుసు.

"ఏ సీట్లు?" అన్నాడు తాపీగా.

"బేస్‌బాల్ స్టేడియంలో నీకున్నవే, ముందు వరసలో గోడ పక్కవి. శనివారం మా డెజ్ ఆఖరి ఆట. కాలేజీ గ్రౌండు తవ్విపోశారు కదా, ఫుట్‌బాల్ అక్కడ పెట్టారు."

వెర్నాది పక్కనే ఉన్న లాండ్రీ. తల్లీతండ్రీ లేని మనవడు డెజ్‌ను ఆ ఇస్త్రీ ఆవిర్ల మధ్యే పెంచింది. ఆట లేని రోజుల్లో లాండ్రీ ముందు కిటికీ అద్దంలో వాడి ముప్పై ఒకటో నంబరు జెర్సీ వేలాడుతూ ఉంటుంది. పాలలా తెల్లగా, మచ్చుకైనా గడ్డి మరక లేకుండా. కింద అట్టమీద 'ఏ మరకైనా మాకు వదిలేయండి' అని రాసి ఉంటుంది. ఆ అట్ట చూసినప్పుడల్లా గస్‌కు ముచ్చటేస్తుంది. సరుకు తన సంగతి తనే చెప్పుకోవాలి, వ్యాపారమంటే అదీ.

ఇక బేరం సంగతి. బేస్‌బాల్‌కైతే ఆ సీట్లు బంగారం. వాటిని ఆశ చూపే పళ్ల డాక్టరు చేత దవడ బాగు చేయించుకున్నాడు, ప్లంబరు చేత గొట్టాలు వేయించుకున్నాడు. కానీ అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ గీతలు గీస్తే లెక్క తిరగబడుతుంది. మైదానానికి ఒక పక్క గోడ మరీ దగ్గర, ఆటగాళ్లు నిలబడడానికి చోటుండదు. అందుకని రెండు జట్లూ, వాటి బల్లలూ ఇవతలి పక్కే, సరిగ్గా గస్ సీట్ల ముందే. ఒకసారి అక్కడ కూర్చుని ఆటంతా దున్నపోతుల్లాంటి కుర్రాళ్ల వీపులు చూసి వచ్చాడు. వెర్నావేమో ఆఖరి ఏడాది కుర్రాళ్ల ఇంటివాళ్లకిచ్చే టికెట్లు. అవతలి పక్క, నట్టనడిమికి.

"ఆలోచించుకున్నారా మరి?" అన్నాడు గస్, మొక్కుబడిగా.

"ఊరంతా ఎగబడే సీట్లు, ఆలోచించేదేముంది? నాలుగేళ్లుగా వాడి వీపే చూస్తున్నానయ్యా. ఈసారైనా మొహం చూడాలి."

"పరిగెత్తేవాడి వీపు కనబడితే మంచిదే, ముందుకు పోతున్నాడన్నమాట! అయినా ఆ హెల్మెట్‌లో మొహమెక్కడ కనబడుతుంది?"

వెర్నా నవ్వి సంచీ తెరిచింది. టికెట్లు చేతులు మారాయి.

ఆ సంగతి ఇంట్లో చెప్పగానే భార్య సోఫియా గరిటె పుచ్చుకునే వెనక్కి తిరిగింది.

"బేస్‌బాల్ లెక్కలో అడిగిందయ్యా పాపం! అక్కడ ఆట కనబడదని చెప్పావా?"

"ఆవిడ అడగలేదు."

"నువ్వు చెప్పలేదు. మనవడి ఆఖరి ఆట చూడనివ్వకుండా చేసి, మళ్లీ ఏ మొహంతో ఆవిడకు ఉతకడానికి చొక్కాలు వేస్తావు?"

"వ్యాపారం" అన్నాడు గస్. ఆ రాత్రి సూపులో అతనికి ఉప్పు అందలేదు.

శనివారం చలి కొరికేస్తోంది. నట్టనడి సీట్లలో కూర్చుంటే మైదానం అరచేతిలో పెట్టినట్టుంది. ఎదురుగా, దూరంగా, వెర్నా నీలం స్కార్ఫ్ కనిపించింది. రెండు జట్లూ వచ్చి గీత వెంబడి నిలబడ్డాయి. స్కార్ఫ్ మాయమైంది.

ఆట మొదలై గట్టిగా పది నిమిషాలు కాలేదు, సోఫియా దుప్పటి తనవైపు లాక్కుంది. "వెళ్లి ఆవిణ్ణి తీసుకురా. నీ సీటిచ్చెయ్. నువ్వక్కడ కూర్చో, బుద్ధొస్తుంది."

గస్‌కూ నిజానికి కూర్చోబుద్ధి కావడం లేదు. బేరం లాభసాటిదే, అరగడం లేదు. మెట్లు దిగి, సాసేజీలు కొనే వరసల్లో జనాన్ని తోసుకుంటూ స్టేడియం చుట్టూ తిరిగి వచ్చాడు. తను అనుకున్నంతా నిజమే. ఎదురుగా వీపులే వీపులు, గడ్డిపరక కనబడదు.

వెర్నా మాత్రం ఒక సీట్లో తను, రెండోదాంట్లో కాఫీ ఫ్లాస్కూ, బిస్కెట్ల డబ్బా పెట్టుకుని రాణిలా కూర్చుని ఉంది.

"లేవండి వెర్నా. తప్పు నాది, ముందే చెప్పాల్సింది. అటు నా సీట్లోకి రండి, ఆటంతా కనబడుతుంది."

"అడ్డం తప్పుకో గస్, నాకు బాగానే కనబడుతోంది."

"ఏం కనబడుతోంది, నా మొహం!"

"నీది కాదు" అంది వెర్నా.

గోడకవతల, చేయి చాస్తే అందేంత దూరంలో, ఆటగాళ్ల బల్ల చివర ఒక కుర్రాడు ఇటు తిరిగి కూర్చున్నాడు. హెల్మెట్ ఒళ్లో ఉంది. నోటినిండా బిస్కెట్.

"ఇంకోటి ఇవ్వు నానమ్మా. నమస్తే మిస్టర్ పెట్రాకిస్!"

"డెజ్! ఇక్కడేంట్రా?" గస్ కంగారుగా వెర్నా వైపు తిరిగాడు. "దెబ్బ తగిలిందా? మళ్లీ ఎప్పుడు దిగుతాడు?"

వెర్నా ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి అతని చేతికిచ్చింది.

"మా లాండ్రీ అద్దంలో వాడి జెర్సీ రోజూ చూస్తూనే ఉంటావు కదా?"

"చూడకేం? ఒక్క మరకైనా లేకుండా..."

"దాన్ని నేనెప్పుడూ ఉతకలేదు గస్."