నల్లపెట్ట పొడిచిన గింజ

కనక పడుకునే చోట అప్పట్లో నల్లపెట్ట పడుకునేది.

పొయ్యి పక్కన, గోడ వారగా. దాన్ని అక్కడినుంచి ఎవరూ లేపకూడదు. నా భార్య కనకను చంపిందెవరో చెప్పిన కోడి అది.

మిగతా కోళ్ళు మంచం కింద. చలికి, జంగుపిల్లికి భయపడి కనక వాటిని ఇంట్లోనే పెంచింది. ఆమె పోయాక నేనూ అలాగే ఉంచాను.

తొంభై ఎనిమిది చలికాలంలో నాకూ దగ్గు పట్టుకుంది.

కనకకు వచ్చినటువంటిదే. పొడి దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడడం. కాఫీ తోట ఎక్కితే ఆయాసం.

మా ఊళ్ళో రోగానికి కారణం చెప్పేవాడు దిసారి. ఈసారి ఎందుకో అతన్ని పిలవబుద్ధి కాలేదు. జీపెక్కి చింతపల్లి ఆసుపత్రికి వెళ్ళాను.

దిసారి కూడా అదే జీపులో ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులకు సూది వేయించుకుంటాడట.

డాక్టరు నా వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. కఫం పరీక్ష చేయించాడు. క్షయ కాదన్నాడు.

"ఇంట్లో ఏమైనా పెంచుతున్నావా?"

"కోళ్ళు."

"ఎక్కడ?"

"మంచం కింద."

పక్కనున్న కాంపౌండరు నవ్వాడు. "కోళ్ళనుకున్నావా, మీ అత్తోరనుకున్నావా? పక్కలో తొంగోబెడతన్నావు!"

డాక్టరు నవ్వలేదు.

"ఆ రెట్ట దుమ్ము, ఈకల దుమ్ము నీ ఊపిరికి పడటం లేదు. కోళ్ళ మధ్య పడుకుంటే చచ్చిపోతావు. బయట పెట్టు."



ఈ మాట నేను ముందే విన్నాను.

అన్నది ఈశ్వరమ్మ. మా తమ్ముడు ఫల్గుణ పెళ్ళాం. కనకకు దగ్గు మొదలైన కొత్తలో మా వాకిట్లో నిలబడి, అందరూ వింటుండగా అంది.

"అక్కా, ఆ కోళ్ళ మద్దిన తొంగుంటే సచ్చిపోతావే. బయటెట్టు."

చచ్చిపోతావంది. కనక చచ్చిపోయింది.

ఈశ్వరమ్మ చిల్లంగి పెట్టిందని, చేతబడి చేసిందని ఊరంతా అంది. నేను ఊరి కంటే ముందే అన్నాను.

కనకను మట్టి చేసిన మర్నాడు పొద్దున్నే దిసారి వచ్చాడు. అప్పటికి ఇంట్లో పొయ్యి వెలగలేదు. కోళ్ళకు ఎవరూ గింజలు వెయ్యలేదు.

నల్లపెట్టను ఒళ్ళో పెట్టుకున్నాడు. అరచేతిలో బియ్యం పోసి దాని ముక్కు ముందు పట్టాడు. ఒక్కొక్క పేరే చెప్పాలి. ఏ పేరుకు కోడి గింజ పొడిస్తే, చేసింది ఆ మనిషే.

మొదట ఈశ్వరమ్మ పేరు చెప్పాడు.

పొడిచింది.

ఇంకో పేరు అవసరం రాలేదు. నిజం చెప్పిన కోడిని కొయ్యకూడదని చెప్పి దిసారి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి ఈశ్వరమ్మను ఊరి బోరింగు ముట్టుకోనివ్వలేదు. కడుపుతో ఉండి కూడా కింద పారే గెడ్డ దాకా దిగి నీళ్ళు మోసుకుంది. మా రెండిళ్ళ మధ్య ముళ్ళకంప నేనే పాతాను.

చింతపల్లి నుంచి వచ్చాక పెరట్లో నాలుగు గుంజలు పాతి, వెదురు దబ్బలతో ఎత్తుగా గూడు కట్టాను.

ఫల్గుణ కంపకు అవతల నిలబడి చూశాడు. కనక పోయాక వాడు నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఏటన్నియ్యా, మా ఆడది సెప్తే చిల్లంగన్నావు. డాక్టరు సెప్తే గూడు కడతన్నావు?"

"డాక్టరు పేరుకు కోడి పొడవలేదు."

"డాక్టరు పేరు అడిగారేటి?"

 వాడు ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

నల్లపెట్టను కూడా గూట్లోనే పెట్టాను. ఇల్లంతా ఊడ్చి పేడతో అలికాను.

దగ్గు తగ్గడం మొదలైంది.

కాఫీ తోట ఎక్కి, పైన నిలబడి, ఆయాసం కోసం చూశాను. రాలేదు. కిందికి దిగి మళ్ళీ ఎక్కాను.

దగ్గు తగ్గితే ఈశ్వరమ్మ ఏమీ చెయ్యనట్టు. తగ్గకపోతే నేను పోయినట్టు. ఏది కోరుకోవాలో తెలియలేదు.

డాక్టరు మందులిచ్చాడు కదా, మందులకే తగ్గిందేమో అనుకున్నాను. మందులు మానేశాను.

అయినా తగ్గింది.

ఒక పొద్దువేళ కోళ్ళను వదిలాను. మిగతావి వాకిట్లో గింజలకు మూగాయి. నల్లపెట్ట కనబడలేదు. జంగుపిల్లి ఎత్తుకుపోయిందనుకున్నాను. చెప్పుకోకూడదు గాని, పీడ పోయిందని కూడా అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా కంప అవతలినుంచి పిలుపు వినబడింది.

"బావా! నీ పెట్ట పొద్దుటేల నుంచి కంపలో సిక్కుకున్నట్టుంది. గెడ్డకాడ నుంచొత్తా ఇప్పుడే సూసాను. బేగి అట్టుకో."

ఈశ్వరమ్మ. ఒక చంకలో చంటిగుంట, ఇంకో చేతిలో నల్లపెట్ట. ఆ చేయి మోచేతి దాకా గీరుకుపోయి ఉంది. నేను పాతిన ముళ్ళే.

కంప మీదుగా కోడిని అందుకున్నాను.

"నీ దగ్గు ఇనబడ్డం లేదేటి బావా?"

సంతోషించి అడిగిందో, దెప్పడానికి అడిగిందో మొహం చూసి పోల్చుకోలేకపోయాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

వాకిట్లో కూర్చున్నాను. నల్లపెట్టను ఒళ్ళో పెట్టుకున్నాను. దిసారి చేసినట్టే అరచేతిలో బియ్యం పోసుకున్నాను. ఇంకొక్కసారి అడుగుదామనుకున్నాను. ఈశ్వరమ్మ పేరే అడగాలా, వేరే పేరా, నా పేరా?

ఆలోచిస్తూ చేయి చాపాను.

కోడి గింజ పొడిచింది. మళ్ళీ పొడిచింది.

నేనింకా ఏ పేరూ చెప్పలేదు.