అక్కడ గేటు లేదు

అధికారుల గది బయట బెంచీ మీద కూర్చుని, బట్టలు కుట్టే ఆవిడ తన కాగితం పైకే చదువుకుంటోంది.

"మా ఊరి రైలు పట్టాల దగ్గర ముగ్గురు చనిపోయారు. అక్కడ గేటు లేదు. దయచేసి పెట్టించండి."

ఆ ముగ్గురిలో చివరివాడు ఆమె తమ్ముడు. ఇవాళ కాదంటే మళ్లీ ఏడాది దాకా ఆ మాట ఎత్తనివ్వరు.

"అలా కలిపి చెప్పకండమ్మా," అన్నాడు పక్కనున్న పెద్దాయన.

ఆమెకు ఒళ్లు మండింది. అడగకుండా సలహాలిచ్చేవాళ్లు ప్రతి ఆఫీసు బెంచీ మీదా ఒకరుంటారు.

"ఒక్కొక్కరి గురించీ విడిగా చెప్పండి. ప్రతిసారీ 'అక్కడ గేటు లేదు' అనండి."

"చెప్పిందే చెబితే విసుక్కోరూ?"

"రెండోసారి విసుక్కుంటారు. మూడోసారికి ఆ మాట వాళ్ల నోటికే వస్తుంది. నేను ఒక్కసారే రాసిచ్చాను. ఫైల్లో హాయిగా నిద్రపోతోంది."

కాగితం తీసుకుని, అడుగున ఇరికించి రాసిన వాక్యం దగ్గర ఆగాడు. 'రైలు నడిపినవాడికి చీమ కుట్టినట్టయినా లేదు.'

"అది కొట్టెయ్యాలా?" అందామె.

"ఉంచండి. ఒక్కసారి చాలు." కాగితం మీంచి తలెత్తాడు. "చనిపోయిన పాప చేతిలో ఎర్ర గొడుగు ఉంది. అది కూడా చెప్పండి."

"కళ్లారా చూసినట్టే చెబుతున్నారే!" అని విసురుగా కాగితం లాక్కుంది.

 ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

లోపల అధికారుల ముందు నిలబడగానే కాగితంలో అక్షరాలు అలుక్కుపోయాయి. గుర్తున్నది పెద్దాయన చెప్పిందే.

"పాలు పోసే ఆవిడ పోయింది. అక్కడ గేటు లేదు."

పెద్ద అధికారి గడియారం చూసుకున్నాడు.

"ఎర్ర గొడుగు పట్టుకుని బడికి బయల్దేరిన పాప పోయింది. అక్కడ గేటు లేదు."

ఆయన చూపు గడియారం మీంచి ఆమె మీదికి వచ్చింది.

"రైలు నడిపినవాడికి చీమ కుట్టినట్టయినా లేదు. ఉత్తరాలు పంచే మా తమ్ముడు పోయాడు..."

పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కడ గేటు లేదు," అన్నాడు పెద్ద అధికారి మెల్లగా. ఆమె కాగితం అందుకుని, కలం తీసి సంతకం పెట్టాడు.

ఆమె పరుగున బయటికొచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చున్న పెద్దాయన ఏరండీ? దణ్ణం పెట్టాలి," అని గుమ్మం దగ్గరున్న బంట్రోతుని అడిగింది.

"ఇప్పుడే వెళ్లిపోయారమ్మా. ఉద్యోగం ఇక చెయ్యలేనని కాగితం ఇవ్వడానికొచ్చారు. ఆ ముగ్గురూ పోయింది ఆయన నడిపే రైలు కిందే."