ఎనిమిది సంతకాలు

"ఆఫీసు నుంచి మనిషిని పంపిస్తామన్నారు. నువ్వేనా అమ్మా?"

గడియార స్తంభం కింద నిలబడ్డ పెద్దాయన అడిగాడు. ఆయన వెనక భార్య, ఆవిడ చెల్లెలు, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు. ఎదురుగా ఉన్న తారీఖుల తల్లి మనసులోనే లెక్కపెట్టుకుంది. సరిగ్గా ఎనిమిది మంది! ప్రాణం లేచొచ్చింది.

"నేనేనండీ. ఎనిమిది మందిమి వస్తామని ఫోన్ చేసింది మీరే కదూ?"

"మేమేనమ్మా. ఇంటిల్లిపాదీ వచ్చేశాం. ఎండ ముదరకముందే తిప్పి చూపించెయ్యి."

తారీఖుల తల్లి అనేది మ్యూజియంలో తోటివాళ్లు పెట్టిన పేరు. నోరు తెరిస్తే చాలు, ఏడాది, నెల, రోజుతో సహా చెబుతుంది మరి. ఈ వేసవిలో ఊరి జనం కోసం మ్యూజియం వాళ్లు చాలా సరదాలు పెట్టారు. పార్కులో పాటల కచేరీలకి ఇసుకేస్తే రాలడం లేదు. పిల్లల బొమ్మల పోటీకి చోటు చాలడం లేదు. ఈమె నడిపించే 'మన ఊరి చరిత్ర నడక'కి మాత్రం కిందటి ఆదివారం ఇద్దరే వచ్చారు. వాళ్లలో ఒకాయన దారి తప్పి వచ్చాడు.

శుక్రవారం క్యూరేటరు పిలిచి తేల్చేశాడు. "ఈసారి కనీసం ఎనిమిది మంది నచ్చిందని సంతకం పెట్టాలి. లేదంటే నడక ఆపేద్దాం. నువ్వు మళ్లీ గోదాములో దుమ్ము దులుపుకుందువుగాని."

మూడేళ్లు ఆయన చుట్టూ తిరిగి సాధించుకున్న నడక అది. గోదాము మాట వినగానే ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

బయలుదేరుతుంటే టోపీలు, కెమెరాలు, నీళ్లసీసాలతో ఇంకో గుంపు వచ్చి స్తంభం దగ్గర దిక్కులు చూడసాగింది. సాయంత్రం కచేరీకి పొద్దున్నే వచ్చేశారు కాబోలు, పాపం, అనుకుంది.

"ముప్పై ఏళ్ల నుంచి ఈ ఊళ్లోనే ఉంటున్నాం. ఈ వీధుల వైపు తొంగి కూడా చూడలేదు," అంది పెద్దావిడ.

"సొంత ఊరంటే అందరికీ చులకనేనండీ. ఇదిగో, ఇది జడ్జిగారి బంగళా. నూట నలభై ఏళ్లు. మొత్తం పదహారు గదులు."

"అమ్మో! ఊడ్చేవాళ్లెవరు?" అంది కోడలు.

తారీఖుల తల్లి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లలో ఒక్కరూ అడగని ప్రశ్న! "అప్పట్లో ఊడవడానికే ఆరుగురు ఉండేవారండీ."

"ఇప్పుడెవరుంటున్నారు?" కొడుకు అడిగాడు.

"గబ్బిలాలు."

"వాటినే ఉండనీ," అంది పెద్దావిడ. అందరూ పకపకా నవ్వారు.

రెండోది రేవు దగ్గర ధాన్యం కొట్టు. దొంగలకి దొరక్కుండా కిటికీ అన్నదే లేకుండా కట్టారని ఆమె చెప్పబోతే, పెద్దాయన లోపలికి తలపెట్టి చూసి వెంటనే బయటికి వచ్చేశాడు.

"గాలి ఆడదమ్మా."

"సరిగ్గా చెప్పారండీ! అందుకే ధాన్యం ముక్కిపోయి, పదేళ్లకే వదిలేశారు."

"ఆయనకి చూడగానే తెలిసిపోతుంది," అంది చెల్లెలు, బావగారి వైపు మెచ్చుకోలుగా చూస్తూ.

చిట్టచివరిది అచ్చాఫీసాయన ఇల్లు. సన్నటి వీధిలో రెండంతస్తుల పెంకుటిల్లు. తారీఖుల తల్లి సంచిలోంచి తాళాలు తీసి తలుపు తెరిచింది. చల్లటి గాలి ఎదురొచ్చింది. పిల్లలు చెప్పులు విసిరేసి మేడమీదికి పరిగెత్తారు.

"ఊళ్లో మొదటి పత్రిక ఈ హాల్లోనే అచ్చయింది. యంత్రం ఇదిగో, ఇక్కడుండేది."

"ఇప్పుడు లేదు కదా?" పెద్దాయన అడిగాడు.

"లేదండీ. జాగ్రత్తగా విప్పి మ్యూజియానికి తరలించారు."

"మంచి పని చేశారు," అన్నాడాయన మనస్ఫూర్తిగా. చరిత్ర మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషి ఈ ఊళ్లో ఉన్నాడని ఇన్నాళ్లూ తెలియనందుకు ఆమె నొచ్చుకుంది.

పెద్దావిడ ఒక్కో కిటికీ తెరిచి మూసింది. కోడలు వంటగదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి అడుగులు వేసింది. కొడుకు కుళాయి తిప్పి చూశాడు. పైనుంచి పిల్లల అరుపులు.

"కిటికీ గది నాది!"

"పో! ముందు నేను చూశాను!"

"వానకి కారుతుందా అమ్మా?" చెల్లెలు పైకప్పు కేసి చూస్తూ అడిగింది.

"నూట ఇరవై ఏళ్లలో ఒక్క చుక్క కారలేదండీ! ఆ కాలపు పెంకుల పనితనం అలాంటిది."

పెద్దవాళ్లు అయిదుగురూ ఒక మూల చేరి గుసగుసలాడుకున్నారు. ఇక ఆగి లాభం లేదని తారీఖుల తల్లి సంతకాల కాగితం తీసింది. పెద్దాయనకి అందించింది.

"మీకు నచ్చితేనే సంతకం పెట్టండి. బలవంతం ఏమీ లేదు. పెడితే మాత్రం నన్ను నిలబెట్టినట్టే."

"నచ్చకపోవడమేంటి తల్లీ! కళ్లజోడు మరిచిపోయి వచ్చాను, ఎక్కడ పెట్టాలో చూపించు."

ఆయన పెట్టాడు. పెద్దావిడ పెట్టింది. కొడుకు ఏదో చదవబోతే కోడలు మోచేత్తో పొడిచి సంతకం పెట్టించి, కలం లాక్కుని తనూ పెట్టింది.

"పిల్లలవి కూడా కావాలా?" అంది చెల్లెలు తన సంతకం ముగించి.

"అందరివీ కావాలండీ. ఎనిమిదీ కావాలి."

"ఎంత పద్ధతైన మనుషులో!" అని పెద్దావిడ పిల్లల్ని కిందికి పిలిచింది. ముగ్గురూ నాలుకలు బయటపెట్టి వంకరటింకరగా పేర్లు రాశారు. ఎనిమిది! గోదాము పీడ విరగడైంది. తారీఖుల తల్లికి కళ్లు చెమర్చాయి. తలుపు తాళం వేసి, పెద్దాయనకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"మీ మేలు మరిచిపోలేనండీ. ఇంకేమైనా అడగాలనుకుంటే అడగండి."

పెద్దాయన నవ్వుతూ చెయ్యి చాపాడు.

"అడగడానికేముందమ్మా, ఆ తాళాలిచ్చెయ్, రేపే సామాన్లు దింపుకుంటాం."