లేజర్ చెయ్యరట!

ఈత నేర్పే ఆమెకు కళ్లద్దాలు తీసి నీళ్లలో దిగితే పిల్లల మొహాలు ఆనవు. లేజర్ ఆపరేషన్ తనకు సరిపడుతుందో లేదో తేల్చుకుందామని కంటి ఆసుపత్రికి వెళ్లి, పరీక్షల గదిలోంచి నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చింది.

"ఎప్పుడు చేస్తారట?" బెంచీ మీంచి లేచాడు భర్త.

"చెయ్యరట!"

"మరి ఆ సంబరమేంటే?"

"నా సైటు ఉన్నట్టుండి మారిందట. డాక్టరమ్మకి అనుమానమొచ్చి ఇంకో పరీక్ష కూడా చేయించింది."

అతను గబగబా దగ్గరికొచ్చాడు. "కళ్లకేమైనా..."

"కళ్లు భేషుగ్గా ఉన్నాయి. పాలు మాన్పించాక రమ్మంది."

"పాలా? నువ్వసలు పాలే ముట్టవు కదా!"

"తాగేది నేను కాదు మహానుభావా!" అంటూ అతని చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది.

"ఇన్నేళ్లకా!" అన్నాడతను. మరుక్షణం ఆసుపత్రి అదిరిపోయేలా అక్కడున్న వాళ్లందరికీ చాటేశాడు: "మా ఆవిడ ఆపరేషన్‌కి పనికిరాదటండీ!"