తిరగడానికి చోటు

సుద్దముక్కతో హాల్లో గీస్తున్న వృత్తం ఏసీకి తగిలి ఆగిపోయింది.

తాడు ఒక కొసని భర్త నేలకి అదిమి పట్టుకున్నాడు. రెండో కొసకి కట్టిన సుద్దతో ఇల్లాలు చుట్టూ తిరుగుతోంది. అయిదడుగుల వెడల్పు. చక్రాల కుర్చీ ఎక్కడా తగలకుండా తిరగాలంటే అంత చోటు కావాలని ఆసుపత్రిలో చెప్పారు. కుర్చీ వచ్చే వారం వస్తుంది.

ఆ ఏసీ నేలమీద నిలబడే రకం, బీరువా అంత ఎత్తు. కొన్నప్పుడు హాలుకి దర్జా అని మురిసిపోయారు. ఇప్పుడా దర్జా సరిగ్గా బాత్రూమ్ దారిలో అడ్డంగా నిలబడి ఉంది.

మెకానిక్ కొలతలు చూసి తల గోక్కున్నాడు. కిటికీ పక్కకి జరపొచ్చు గానీ గొట్టాలు పెంచాలి, నీళ్ళు పోయే పైపుకి వాలు ఇవ్వాలి, లేకపోతే ఆ నీళ్ళన్నీ ఇంట్లోకే వస్తాయి అన్నాడు. పైగా అక్కణ్ణుంచి పడగ్గదికి చల్లగాలి అందదని ముందే హెచ్చరించాడు.

"అందకపోయినా పర్లేదు. బాత్రూమ్‌కి ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా వెళ్ళగలగాలి. నాకు అదొక్కటే కావాలి," అంది ఇల్లాలు. బస్సుల వేళలు చదివినట్టు చెప్పింది.

మెకానిక్ సోఫా వైపు చూశాడు. అత్తగారు చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉంది. ఆ సుద్దగీత వైపు కన్నెత్తి చూడలేదు. పాపం, పెద్దావిడకి మనసొప్పడం లేదు కాబోలు అనుకున్నాడు. కోడలి మీద గౌరవం కలిగింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉంది. కుడికాలికి మాత్రమే మేజోడుంది. హడావుడిలో రెండోది తొడుక్కోవడం మరిచిపోయినట్టుంది.

రెండు గంటల తర్వాత ఏసీ కిటికీ పక్కకి చేరింది. పాత చోట గోడమీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది.

భర్త తన కంప్యూటర్ కుర్చీ తెచ్చాడు. ఇల్లాలు అందులో కూర్చుని, కాళ్ళు పైకి ముడుచుకుని, గోడలు పట్టుకుని తనని తాను తోసుకుంటూ వెళ్ళింది. మలుపులో కుర్చీ ఏసీ అంచుకి కొట్టుకుంది.

ఇంకో అరడుగు జరపమంది. అరడుగుకి మళ్ళీ గొట్టం విప్పాలని మెకానిక్ సణిగాడు, సణుగుతూనే విప్పాడు.

రెండోసారి కుర్చీ పూర్తిగా తిరిగింది. ఆమె బాత్రూమ్ తలుపు దాకా వెళ్ళి, పిడి పట్టుకుని చూసింది.

"చాలు," అంది.

కుర్చీలోంచే స్విచ్ బోర్డు వైపు చెయ్యి చాపింది. అందలేదు. దాన్ని అడుగు కిందికి దించాలని భర్తని రాసుకోమంది. అతను రాసుకున్నాడు. అదే మాట రెండుసార్లు రాశాడు. ఆమె కాగితం అందుకుని ఒకటి కొట్టేసింది. అతనికి భయంగా ఉంది. ఆమెకి ఏమీ అనిపించడం లేదు. అదే ఆమెకి వింతగా ఉంది.

మెకానిక్ సామాను సర్దుకుంటూ సోఫా వైపు తిరిగాడు.

"పెద్దమ్మగారూ, మీ కోడలు మీకు రాచబాట వేసేసింది. ఇంక ఇల్లంతా మీదే."

ఎవరూ నవ్వలేదు. పెద్దవాళ్ళకి ఇలాంటి వేళాకోళాలు నచ్చవని అతను నాలిక్కరుచుకుని వెళ్ళిపోయాడు.

భర్త తలుపేశాడు. ఆరింటికల్లా ఆసుపత్రిలో చేరాలి. గుమ్మం పక్కన సంచీ సర్ది ఉంది. ఇల్లాలు ఇంకా ఆ కుర్చీలోంచి లేవలేదు.

అత్తగారు చేతికర్ర ఊతంగా నెమ్మదిగా నడిచి వచ్చి, ఆ కుర్చీ ముందు నేలమీద చతికిలబడి, రేపు పొద్దున ఆపరేషన్‌లో మోకాలి పైదాకా తీసేయబోతున్న కోడలి కుడికాలిని ఒళ్ళోకి తీసుకుని మేజోడు మెల్లగా విప్పింది.