మొండిది

"ఇది మాత్రలు మింగడం లేదు డాక్టరమ్మా. మింగినట్టు నటిస్తోంది."

లాండ్రీ అక్క పిలవకుండానే లోపలికొచ్చింది. మరదలి పక్కనున్న కుర్చీని కాలితో అవతలికి జరిపి మరీ కూర్చుంది.

తమ్ముడు పోయి ఏడాది కాలేదు. జ్వరంతో మొదలై, దగ్గుతో చిక్కి శల్యమై, ఆస్పత్రిలో చేర్చేలోపే కన్నుమూశాడు. ఆ తర్వాత మరదలికి పరీక్ష చేస్తే హెచ్ఐవి ఉందని తేలింది. అంతే, అక్క నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. పుట్టింటి నుంచి ఇది మోసుకొచ్చిన రోగమే వాణ్ని పొట్టన పెట్టుకుందని వీధంతా చాటింది. మరదల్ని ఇస్త్రీ బల్ల దగ్గరికి రానివ్వలేదు. కంచం వేరు, బకెట్ వేరు. ఆమె కప్పుకున్న దుప్పటిని కూడా రెండుసార్లు ఉడకబెట్టించింది.

మరదలు ఎదురు చెప్పలేదు. పోవడానికి మరో గుమ్మం లేదు. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు మాత్రం ఒక్క పూట తప్పలేదు. అయినా రోజురోజుకీ పుల్లలా అయిపోతోంది.

డాక్టరమ్మ అక్కను బయట కూర్చోమంది.

"ఉండనివ్వండి, వదినని కూడా విననివ్వండి" అంది మరదలు.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "తప్పు నీది కాదమ్మా. వైరస్సే మొండిది. మొదటి రోజు తీసి దాచిన రక్తం కూడా పరీక్ష చేయించాను. అప్పటికే ఈ మందులకి లొంగని రకం."

ఇక ప్రొటీజ్ ఇన్హిబిటర్లనే మందులు మొదలుపెడదామంది. వైరస్ తన సంతతిని పెంచుకోవడానికి వాడే కత్తెర లాంటిదాన్ని అవి పనిచేయనివ్వవట. మొదట్లో వికారం, విరేచనాలు తప్పకపోవచ్చట.

"బతుకుతానా?"

"మానకుండా వేసుకుంటే బతుకుతావు."

"మొండిదానికి మొండిదే తగులుకుంది" అని గొణిగింది అక్క.

డాక్టరమ్మ అటు చూడలేదు. "ఇలాంటి రకం మామూలుగా, మందులు వాడుతూ మధ్యలో మానేసినవాళ్ల ఒంట్లో తయారవుతుంది. నువ్వు అంతకుముందు ఏమీ వాడలేదన్నావు. మరి మీ ఆయన?"

"ఆయన తలనొప్పి బిళ్ల కూడా వేసుకునేవారు కాదండీ. పెళ్లికి ముందు సంగతి వదినకే తెలియాలి. తల్లి లేని మనిషిని పెంచింది ఆవిడే."

ఇద్దరూ అక్క వైపు చూశారు.

"మా వాడు బంగారం. చచ్చినవాడి మీద నిందలేస్తే కళ్లు పోతాయి" అంటూ లేచింది అక్క.

వరండాలో మరదలి చెయ్యి పట్టుకుని ఆపింది. ఇన్నాళ్లలో ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. సాయంత్రానికల్లా బట్టలు సర్దుకుని ఇల్లు ఖాళీ చెయ్యమంది.

"వెళ్తాను వదినా" అంది మరదలు నెమ్మదిగా. "ఇది ఆయన దగ్గర్నుంచే వచ్చిందని నాకు ముందే తెలుసు. తమ్ముణ్ని పోగొట్టుకున్నారు, ఈ మాట కూడా వింటే తట్టుకోలేరని ఊరుకున్నాను."

అక్క గబగబా మెట్లు దిగింది. షాపు తెరిచి, ఇస్త్రీ పెట్టె వేడెక్కక ముందే ఎవరిదో చొక్కా మీద పెట్టి రుద్దసాగింది.

పెళ్లికి ముందురోజు, కొత్త పెళ్లికూతురి కంట పడితే కొంప మునుగుతుందని, తమ్ముడు ఏళ్లుగా వేసుకుంటున్న మాత్రల్ని లాక్కుని మురుగుకాలవలో పారబోసింది ఆమే.