ఆఖరి ట్రాక్టర్

కానిస్టేబుల్ చేతిలోని ఫోన్ దాదాపు లాక్కున్నాడు కిషోర్. అతని ఫోన్ వరదనీళ్లలో పోయింది.

భద్రాచలం వంతెన మీద నుంచి చూస్తే గోదావరికి అవతలి ఒడ్డు లేదు. జీపులో వైర్‌లెస్ అరుస్తోంది. మణుగూరు వైపు ఏటిగడ్డ కాలనీలో ఎవరూ ఇళ్లు వదలడం లేదట. ఉన్నది ఆఖరి ట్రాక్టర్. పది నిమిషాల్లో వెనక్కి తిప్పేస్తారట.

నంబర్ నొక్కాడు. నాలుగోసారికి ఎత్తింది మధులత.

“జల్దీ పిల్లల్ని తీసుకొని ట్రాక్టర్ ఎక్కు. వాగు కట్ట తెగింది.”

“ఇంకొకడు చేసిండు. పొద్దుగాల సంది ఇది మూడో ఫోను.”

“నా కండ్లతోటి చూసొచ్చిన.”

“కట్ట తెగలే, ఏం తెగలే. మీరు తిప్పుతున్న ఫొటోలన్నీ పాతయి. గా ముచ్చట మా ఆయన పొద్దుగాలనే వాట్సాప్ గ్రూపులల్ల పెట్టిండు. మమ్ముల లేపి జాగలు గుంజుకుంటందుకు మీ పార్టోళ్ల నాటకం. ఆయన మాట మీద బజారంత ఒక్కరు గూడ కదలలే.”

కిషోర్ కానిస్టేబుల్‌కు వినపడకుండా పక్కకు జరిగాడు.

“ఆ మెసేజ్ అబద్ధం.”

“పదేండ్ల సంది జెండా మోస్తున్న మనిషిది అబద్ధం, నీది నిజమా?”

“మధులతా, నీ కాళ్లు మొక్కుత.”

“పేరు గూడ ఎరుకనా? మంచిగ నేర్పి పంపిండ్రు.”

“చిన్నదానికి దమ్ము లేస్తది. దాన్ని తడవనియ్యకు. మందు అల్మార పై అరల ఉంది.”

అవతల అల్మార తలుపు తీసిన చప్పుడైంది. కిషోర్‌కు ప్రాణం లేచొచ్చింది.

“సర్వే అని ఇల్లిల్లు తిరిగి మందుల కాడికి రాసుకపోయింది గిందుకేనన్నట్టు,” అంది మధులత నెమ్మదిగా. “గీళ్లు కంప్యూటర్ల గొంతులు గూడ తయారు చేస్తరని గ్రూపుల ముందే చెప్పిండ్రు.”

ఫోన్‌లో ట్రాక్టర్ హారన్ వినిపించింది. కాసేపాగి ఇంకోసారి.

“అగో, హారన్. ఎక్కు. తర్వాత నన్ను చెప్పుతోటి కొట్టు. ఇప్పుడు మాత్రం ఎక్కు.” కిషోర్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. కానిస్టేబుల్ మొహం తిప్పుకున్నాడు.

ట్రాక్టర్ చప్పుడు మెల్లగా దూరమైంది.

“మా ఆయన గొంతు అచ్చం దింపినవ్ గని, పెండ్లయిన కాడ్నుంచి ఆయన నన్ను ఒక్కనాడు గిట్ల బతిమాలలే,” అని ఫోన్ పెట్టేసింది మధులత.